నాడీకణం పుట్టకముందే న్యూరోపెప్టైడ్ ఎక్కడిది?

రాజోలు దగ్గర ఊరి నుంచి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న అమ్మాయి రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది: "చిట్టెలుక పిండంలో మెదడు ఏర్పడే తొలి రోజుల్లో న్యూరోపెప్టైడ్ల పాత్ర అని నాకు సెమినార్ ఇచ్చారు. న్యూరోపెప్టైడ్ అంటే నాడీకణం విడుదల చేసేదని చదువుకున్నాం. తొమ్మిదో రోజు పిండంలో నాడీకణాలే సరిగా లేవు కదా. మరి ఆ పెప్టైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? వచ్చి ఏం చేస్తుంది?" రెండోది: "మా వదినకి మూడో నెల. బిడ్డ మెదడుకి మంచిదని ఒకాయన పెప్టైడ్ పౌడర్ డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టాడు. వాడొచ్చా?"

అమ్మా, రెండోదానికి ముందు చెప్తాను, అది ఆగే విషయం కాదు. మా స్టూడెంట్లతో మాట్లాడినట్టే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ఆ డబ్బా వాడొద్దు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. నోట్లో వేసుకున్న గొలుసుని కడుపు, పేగులు ముక్కలు ముక్కలు చేసేస్తాయి, గుడ్డులో ప్రోటీన్‌ని చేసినట్టే. ముక్కలయ్యాక అది కబురు మోసే పెప్టైడ్ కాదు, మామూలు తిండి. ఇక ఆ డబ్బాలో ఇంకేం కలిపారో మనకి తెలియదు, గర్భిణికి తెలియని వస్తువు పెట్టకూడదు. మీ వదినకి డాక్టరు గారు రాసిన ఫోలిక్ యాసిడ్, తర్వాత ఐరన్, రోజూ గుడ్డు, చేప, ఆకుకూర, అయిదో నెలలో టిఫా స్కాన్. ఇవి తప్పకుండా చూసుకోండి. ఇంకో మాట కూడా చెప్పు: కడుపులో బిడ్డకి న్యూరల్ ట్యూబ్, అంటే మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం, మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పెళ్లై, పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లలు గర్భం నిలవక ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలంటారు. అంతకు ముందు కాన్పులో బిడ్డకి ఆ గొట్టం సరిగా మూసుకోని లోపం వచ్చిన తల్లుల మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితం 1991లో వచ్చింది. ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్లలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారు చేసిన బృందాన్ని నడిపింది 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన డెల్టా మనిషి చేతి చలవ అది. ఆ పౌడర్ డబ్బా కన్నా ఆ చిన్న పసుపు మాత్రనే నమ్ముకోండి.

ఇప్పుడు సెమినార్.

నేను ఇరవై ఏళ్లకు పైగా చిట్టెలుక పిండాల మీద పనిచేసి, రిటైరయ్యాక అమలాపురం దగ్గర మా ఊరికి వచ్చేశాను. నువ్వు అడిగిన ప్రశ్న సరైన చోట తగిలింది. చాలామంది పేరుని పట్టుకుని తప్పుదారి పడతారు. న్యూరోపెప్టైడ్ అని పేరు పెట్టింది దాన్ని ముందుగా ఎక్కడ చూశారో బట్టి. అది చేసే పని అక్కడితో ఆగిపోదు. నీకు ముఖ్యంగా కావలసిన వీఐపీ పెప్టైడ్‌నే చూడు. వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్ అని దాని పూర్తి పేరు. 1970లో సమీ సయిద్, విక్టర్ మట్ దాన్ని పంది చిన్న పేగు నుంచి వేరు చేశారు. రక్తనాళాన్ని వెడల్పు చేస్తుంది కాబట్టి ఆ పేరు. 28 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ తర్వాత అదే పెప్టైడ్ మెదడులోనూ నరాల్లోనూ కనిపించింది కాబట్టి న్యూరోపెప్టైడ్ల లెక్కలో చేరింది. పేగు పెప్టైడ్ అనాలా, నాడీ పెప్టైడ్ అనాలా అని కొట్టుకోనక్కర్లేదు. అది ఒక కబురు. ఎవరు పంపారు, ఎవరికి అందింది, ఏ రోజు అందింది, ఈ మూడింటిని బట్టి దాని అర్థం మారిపోతుంది. నీ సెమినార్ అంతా ఈ ఒక్క మాట మీద నిలబెట్టొచ్చు.

మన డెల్టాలో ఇది పుస్తకాల్లో మాట కాదు. కైకలూరు, భీమవరం వైపు హేచరీల్లో శీలావతి, బొచ్చె తల్లి చేపలకి ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టిస్తారు కదా. ఓవాప్రిమ్ లాంటి మందులో ఉండేది జీఎన్ఆర్‌హెచ్ అనే న్యూరోపెప్టైడ్‌కి నకలు. పిట్యూటరీ చేత సంతానోత్పత్తి హార్మోన్లు విడుదల చేయించే పెప్టైడ్ అది. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కటక్‌లో పిట్యూటరీ రసం ఎక్కించి కార్ప్ చేపల చేత మొదటిసారి గుడ్లు పెట్టించిన దారికి ఇది తర్వాతి మెట్టు. కాకినాడ తీరం రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యకి ఒక కన్ను కాడ కత్తిరిస్తారు. ఆ కాడలో ఉన్న గ్రంథి నుంచి వచ్చే పెప్టైడ్ అండాశయాన్ని ఆపి ఉంచుతుంది, అది తగ్గితే గుడ్లు పండుతాయి. చేపకి పెప్టైడ్ ఇస్తే పని మొదలవుతుంది, రొయ్యకి పెప్టైడ్ తీసేస్తే పని మొదలవుతుంది. చెరువుల మీద బతికే వాళ్ల పిల్లలకి ఈ ఉదాహరణతో మొదలుపెట్టి చెప్పు, క్లాసులో ఒక్కరు కూడా నిద్రపోరు.

చిట్టెలుక గర్భం 19, 20 రోజులు. పొద్దున్నే ఆడ చిట్టెలుకకి ప్లగ్ (రాత్రి జత కట్టిందనడానికి గుర్తు) కనపడితే ఆ మధ్యాహ్నాన్ని సగం రోజుగా లెక్కేస్తాం. అలా లెక్కిస్తే ఏడున్నర రోజులకి న్యూరల్ ప్లేట్ అనే పలక కనపడుతుంది. దాని అంచులు చాప చుట్టినట్టు లేచి, ఎనిమిదిన్నర నుంచి పది రోజుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని గొట్టమవుతాయి. అదే న్యూరల్ ట్యూబ్. తొమ్మిదిన్నర రోజుల పిండాన్ని మైక్రోస్కోప్ కింద మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నూక గింజంత ఉంటుంది, రెండు మిల్లీమీటర్లు. గాజులా పారదర్శకంగా, వంకర తిరిగి, వీపు పొడుగునా సోమైట్లు, అంటే రేపు వెన్నుపూసలు, కండరాలు అయ్యే చిన్న గడ్డలు, పూసల్లా వరసగా, మధ్యలో గుండె టకటకా కొట్టుకుంటూ. తల భాగంలో గొట్టం ఉబ్బి మూడు బుడగల్లా ఉంటుంది. ఆ బుడగల గోడే రేపటి మెదడు. గోడలో ఉన్నవన్నీ ఇంకా విభజన చెందుతున్న కణాలే. నువ్వన్నట్టు, కబురు పంపే నాడీకణాలు అక్కడ దాదాపు లేవు.

ఆ పిండాన్ని తల్లి కడుపు బయట పెంచవచ్చు. డెనిస్ న్యూ అనే ఆయన తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఎలుక సీరమ్ పోసిన సీసాలో పిండాన్ని వేసి, సరిపడా ఆక్సిజన్ ఇచ్చి, వెచ్చని పెట్టెలో సీసాని నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. అందులో అసలు కష్టం పిండం చుట్టూ ఉండే యోక్ శాక్ పొర. మన ఆత్రేయపురం పూతరేకు కన్నా పల్చన అది. నేను మొదటి రోజు పదకొండు పిండాలు తీస్తే ఏడింటికి పట్టకారు మొన తగిలి పొర చిరిగింది. చిరిగితే ఇక ఆ పిండం సరిగా పెరగదు. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్లి కూర్చుని ఏడ్చాను. తల్లి ఎలుక ప్రాణం తీసి, పిల్లల్ని నా చేతకానితనంతో పాడుచేశానే అని. ఆ బాధ ఉండాలి కూడా. ప్రతి పిండం నుంచీ నేర్చుకోగలిగినంతా నేర్చుకోవాలన్న పట్టుదల నాకు అక్కడే వచ్చింది.

1993లో పియర్ గ్రెసాన్స్, జోవన్నా హిల్, ఇల్లానా గోజెస్, డగ్లస్ బ్రెన్నెమన్ వాళ్ల బృందం ఇలాంటి సీసాల్లోనే తొమ్మిదిన్నర రోజుల పిండాలకి వీఐపీ ఇచ్చింది. నాలుగే గంటలు. ఆ కాస్త సమయంలోనే పిండం సైజు పెరిగింది, సోమైట్లు ఎక్కువయ్యాయి, డీఎన్ఏ, ప్రోటీన్ రెండూ పెరిగాయి. న్యూరల్ ట్యూబ్ గోడలో డీఎన్ఏ కొత్తగా తయారు చేసుకుంటున్న కణాల సంఖ్య పెరిగింది. అంటే అక్కడ వీఐపీ నరం నుంచి నరానికి పోయే కబురు కాదు, విభజించు, తొందరగా విభజించు అని కణాలకి చెప్పే కబురు. అదే బృందం తర్వాత కొలిచి చూస్తే కణచక్రంలో జీ1 (డీఎన్ఏ నకలుకి ముందు దశ), ఎస్ (నకలు చేసే దశ) రెండూ పొట్టివయ్యాయి.

దీని విలువ చిన్న లెక్కతో చూపించు. ఒక్క కణం పదిసార్లు రెట్టింపైతే 1,024. ఎనిమిది సార్లే రెట్టింపైతే 256. తొలి రోజుల్లో రెండు విడతలు వెనకపడితే చివరికి మిగిలేది నాలుగో వంతు. నారుమడి పల్చగా పడితే తర్వాత ఎంత ఎరువేసినా ఆ చేను దట్టంగా రాదు చూడు, అలాగే.

1994లో వాళ్లు తిరగేసి అడిగారు. తొమ్మిదో రోజు నుంచి పదకొండో రోజు దాకా తల్లి చిట్టెలుకకి వీఐపీని అడ్డుకునే మందు ఇచ్చారు. పుట్టిన పిల్లలకి తల చిన్నది, మెదడు చిన్నది. తీవ్రమైన మైక్రోసెఫాలీ. అడ్డు మందుతో పాటు వీఐపీ కూడా ఇస్తే ఆ నష్టం ఆగింది. ఈ చివరి ప్రయోగాన్ని మర్చిపోవద్దు. అది లేకపోతే మందు విషమై తల చిన్నదైందేమో అని ఎవరైనా అడుగుతారు, నీ దగ్గర జవాబు ఉండదు.

సరే, నీ అసలు ప్రశ్న: ఎక్కడి నుంచి వచ్చింది? తల్లి నుంచి. 1996లో హిల్ బృందం పెద్ద ఎలుకల్లో (ర్యాట్) వెతికితే పిండంలో వీఐపీ తయారీకి కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ గర్భం చివరి దశ, అంటే 17వ రోజు దాకా కనపడలేదు. కానీ పెప్టైడ్ మాత్రం పిండంలో ఉంది. తల్లి రక్తంలో వీఐపీ సరిగ్గా పది నుంచి పన్నెండో రోజుల మధ్య, గర్భం చివరి మూడో వంతుతో పోలిస్తే, ఆరు నుంచి పది రెట్లు ఎక్కువగా ఉంది. రేడియోధార్మిక గుర్తు పెట్టిన వీఐపీని గర్భంతో ఉన్న చిట్టెలుక రక్తంలోకి ఎక్కిస్తే అది పిండంలో దొరికింది. గర్భసంచి లోపలి పొరలో, మాయ పక్కనే ఉండే తెల్లరక్తకణాలు, టీ లింఫోసైట్లు, ఈ పెప్టైడ్‌ని తయారు చేస్తున్నాయని ఆ తర్వాత తేలింది. వీఐపీ రక్తంలో నిలిచేది నిమిషాల లెక్కలోనే. కాబట్టి ఇంత దగ్గర్లో తయారీ ఉండటం చాలా అర్థవంతమైన ఏర్పాటు. నాకు ఈ విషయం మొదట చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. బిడ్డ మెదడుకి మొదటి న్యూరోపెప్టైడ్ బిడ్డ నాడీకణాలది కాదు, తల్లిది.

లోపల ఏం జరుగుతుందో క్లుప్తంగా. వీఐపీ వెళ్లి కణం మీద కబురు అందుకునే ప్రోటీన్లకి, అంటే వీప్యాక్1, వీప్యాక్2 రిసెప్టర్లకి తగులుతుంది. ఆ కబురుని కణం లోపలికి మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. 2011లో వచ్చిన పనిలో వీఐపీ ఆపితే ఎంసీపీహెచ్1 అనే జన్యువు పని తగ్గుతుందనీ, దానితో కణచక్రాన్ని నియంత్రించే చెక్1 అనే ప్రోటీన్ తగ్గుతుందనీ, కణచక్రానికి పట్టే సమయం పెరిగిపోతుందనీ చూపించారు. మనుషుల్లో ఎంసీపీహెచ్1 జన్యువు రెండు కాపీలూ పాడైతే పుట్టుకతోనే తల చిన్నదవుతుంది. చిట్టెలుక పిండంలో పెప్టైడ్, మనిషి కుటుంబాల్లో జన్యువు, రెండూ ఒకే చోట కలవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే సాక్ష్యం.

ఇంకో కొమ్మ ఏడీఎన్‌పీ. వీఐపీ ప్రేరేపించే ప్రోటీన్ ఇది, గోజెస్, బ్రెన్నెమన్ బృందాలు కనిపెట్టినది. ఆ జన్యువు పూర్తిగా లేని చిట్టెలుక పిండాలు తొమ్మిదో రోజు ప్రాంతంలోనే చనిపోతాయి, తలవైపు న్యూరల్ ట్యూబ్ మూసుకోదు. ఇది 2003 నాటి ఫలితం. మనుషుల్లో ఒక కాపీ పాడైన పిల్లలకి ఆటిజంతో కూడిన ఎదుగుదల లోపం వస్తుందని 2014లో తేలింది.

ఇక్కడ మీ మాస్టారు ఒక ప్రశ్న వేస్తారు, నేనైతే తప్పకుండా వేస్తాను. వీఐపీ అంత ముఖ్యమైతే ఆ జన్యువే తీసేసిన చిట్టెలుక బతక్కూడదు కదా? బతుకుతుంది. పగలు రాత్రి లయ దెబ్బతింటుంది కానీ పెరిగి పెద్దదవుతుంది. తడబడకు. వీఐపీ రిసెప్టర్లకే తగిలే చుట్టం ఒకటుంది, పాకాప్. 1989లో అరిమురా బృందం గొర్రె మెదడు అడుగున ఉండే హైపోథలామస్ నుంచి తీసింది, 38 అమైనో ఆమ్లాలు, వీఐపీతో 68 శాతం పోలిక. మొదటి నుంచీ ఒకటి లేకపోతే రెండోది కొంత సర్దుకోగలదు. మధ్యలో హఠాత్తుగా రిసెప్టర్‌నే మూసేస్తే సర్దుకునే దారి ఉండదు. పైగా తల్లిలో వీఐపీ ఉందా లేదా అన్నది వేరుగా చూడాలి, పిండం జన్యువు ఒక్కటే చూస్తే సగం కథే.

పాకాప్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పదిన్నర రోజుల చిట్టెలుక న్యూరల్ ట్యూబ్‌లో పాకాప్, దాని రిసెప్టర్ రెండూ ఉంటాయని 1998లో వాషెక్ బృందం చూపించింది. అంటే ఇది పిండం సొంతం, తల్లి నుంచి వచ్చేది కాదు. అది చేసే పని కూడా తిరగబడింది. 2001లో డిచిక్కో-బ్లూమ్ బృందం పెద్ద ఎలుకల పిండం మెదడు గదుల్లోకి పాకాప్ ఎక్కిస్తే, కార్టెక్స్ (మెదడు పైపొర) కణాల విభజన తగ్గింది. ఇక చాలు, విభజన ఆపి నాడీకణంగా మారు అని చెప్పినట్టు. అదే పాకాప్ సింపథెటిక్ నరాల గడ్డల్లోని లేత కణాలకి తగిలితే విభజన పెరుగుతుంది! ఒకే పెప్టైడ్. తేడా ఎక్కడంటే రిసెప్టర్ రూపంలో. పాకాప్ తగిలే పాక్1 రిసెప్టర్‌కి పొట్టి రూపం ఒకటి, హాప్ అనే అదనపు ముక్క ఉన్న రూపం ఒకటి. కార్టెక్స్‌లో పొట్టిది, సింపథెటిక్ కణాల్లో హాప్ రూపం. మన కాలవ నీళ్లు పిలకల దశలో చేనుకి ప్రాణం, కోతకి ముందు అవే నీళ్లు నిలిస్తే పంట పడిపోతుంది. నీళ్లు మారలేదు, చేను మారింది. సెమినార్‌లో ఈ రెండు ప్రయోగాల బొమ్మలూ పక్కపక్కన పెట్టు. పాకాప్ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే ఆ బొమ్మలే జవాబు.

టైముంటే ఒక్కటి చేర్చు. చేపల ఇంజెక్షన్ దగ్గర చెప్పిన జీఎన్ఆర్‌హెచ్. పది అమైనో ఆమ్లాలే. చిట్టెలుకలో దాన్ని తయారు చేసే నాడీకణాలు సుమారు 800. అవి మెదడులో పుట్టవు. పదకొండో రోజు ప్రాంతంలో ముక్కు దగ్గర కనపడి, వాసన నరాల వెంట పాకుతూ మెదడులోకి నడిచి హైపోథలామస్‌కి చేరతాయి. 1989లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఈ నడక ఆగిపోతే మనుషుల్లో కాల్‌మన్ సిండ్రోమ్. వాసన తెలియదు, వయసొచ్చినా యవ్వనం రాదు. ముక్కుకీ యవ్వనానికీ సంబంధమేంటని అడిగే డాక్టర్లకి పిండశాస్త్రం ఇచ్చిన జవాబు ఇది.

సెమినార్‌లో రోజుల లెక్క గురించి ఒక జాగ్రత్త. ఒకే తల్లి కడుపులో పిల్లలు కూడా సగం రోజు ముందూ వెనకా ఉంటాయి. అందుకే తొమ్మిదిన్నర రోజులు అని రాసినా పక్కన సోమైట్లు ఎన్నో రాయాలి. అది రాయని పేపర్ని నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. అలాగే చిట్టెలుక ఫలితం, పెద్ద ఎలుక ఫలితం కలిపేయకు. పైన నేను ఏది ఎందులో జరిగిందో విడదీసి చెప్పింది అందుకే.

మీ కాలేజీలో చిట్టెలుక పిండం చూడటం కుదరదు కదా, కోడిగుడ్డుతో చూపించు. పౌల్ట్రీ ఫారం గుడ్లు పనికిరావు, అక్కడ పుంజు ఉండదు, గుడ్డు ఫలదీకరణ కాదు. ఊళ్లో నాటుకోడి గుడ్లు, వారం దాటనివి, అరడజను తీసుకో. 37.5 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో గుడ్డుని అడ్డంగా పడుకోబెట్టి 36 నుంచి 40 గంటలు ఉంచు. కదిలించకు, పిండం పైకి తేలి ఉండాలి. తర్వాత గుడ్డు వెడల్పుగా ఉండే చివర నుంచి సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీసెయ్, పచ్చసొన కిందికి దిగుతుంది. పైన టేపు అంటించి చిన్న కత్తెరతో కిటికీలా కత్తిరించు. పచ్చసొన మీద లేత తెల్లటి మరక, దాని మధ్యలో సన్నని గీత కనపడుతుంది. మైక్రోస్కోప్ కింద ఆ గీతకి రెండు వైపులా పూసల్లా సోమైట్లు, ఒక చివర ఉబ్బెత్తుగా మెదడు బుడగలు. రెండు మూడు నిమిషాలు ఓపిగ్గా చూడు, గుండె కొట్టుకోవడం అప్పుడప్పుడే మొదలై ఉంటుంది. సోమైట్లు లెక్కపెట్టి, ఎన్ని వచ్చాయో నాకు రాయి.